బొటనవేళ్లకు ఇంకా గుర్తే

2017 ఆగస్టులో బ్లాక్‌బెర్రీ కీవన్ మన దేశంలో అమ్మకానికి వచ్చింది. ధర 39,990 రూపాయలు. జియో వచ్చి అప్పటికి ఏడాది కావస్తోంది. బస్టాండులో చూసినా, టీకొట్టు దగ్గర చూసినా అందరి చేతుల్లోనూ నున్నటి అద్దపు పలకలే. అలాంటి రోజుల్లో స్క్రీన్ కింద అసలు సిసలు బటన్లున్న ఆండ్రాయిడ్ ఫోన్ వస్తోందంటే కొందరికి ప్రాణం లేచొచ్చింది. నోకియా ఈ63, ఈ71 వాడినవాళ్లు, బ్లాక్‌బెర్రీ కర్వ్, బోల్డ్ వాడినవాళ్లు ఏళ్ల తరబడి ఎదురుచూసిన ఫోన్ అది. వాళ్లకు ప్రాసెసర్ ఏమిటి, కెమెరా ఎంత అన్నవి తర్వాతి ప్రశ్నలు. మొదటి ప్రశ్న ఒక్కటే: చూడకుండా కొట్టొచ్చా?

చేతిలోకి తీసుకోగానే తెలిసేది బరువు. 180 గ్రాములు, మందం 9.4 మిల్లీమీటర్లు. అంకెల్లో పెద్ద భారమేమీ కాదు. కాకపోతే ఫోన్ పొడవు 15 సెంటీమీటర్లకు కాస్త తక్కువ, కీబోర్డు ఉన్నదేమో అట్టడుగున. బొటనవేళ్లు కీల మీదికి రావాలంటే ఫోన్‌ని బాగా కింద పట్టుకోవాలి. అప్పుడు పైభాగం ముందుకు తూలుతుంది. మొదటి రోజు చాలామంది చేసే పొరపాటు, మామూలు టచ్ ఫోన్‌లాగే నడుం దగ్గర పట్టుకుని బొటనవేళ్లను కిందికి వంచడం. పావుగంట టైపు చేసేసరికి వేలి మొదట్లో నొప్పి మొదలవుతుంది. చిటికెన వేళ్లు రెండూ ఫోన్ అడుగున ఆనించి, చూపుడు వేళ్లను వెనక్కి పైదాకా చాపితే తూకం సరిపోతుంది. రబ్బరులా గరుకుగా ఉన్న వెనకభాగం అందుకే పనికొచ్చింది. అద్దం వెనకభాగం పెట్టుంటే ఆ పట్టు నిలిచేది కాదు.

ఇక కీలు. నాలుగు వరసల్లో 35. వరసకీ వరసకీ మధ్య సన్నటి లోహపు గీత, గిటారు మెట్టులాగా. ఆ గీత అందం కోసం పెట్టింది కాదు. వేలు పై వరసలో ఉందో కింది వరసలో ఉందో కన్ను చెప్పకముందే గీత చెబుతుంది. ఒక్కో కీ బల్లపరుపుగా కాకుండా ఒక పక్కకు వాలి ఉంటుంది, ఆ వాలు మీద గోరు అంచు ఆగుతుంది. అసలు ఈ కీబోర్డుల మీద వేలి మెత్త భాగంతో కాదు, గోటికి ఆనుకున్న కొసతో నొక్కాలి. మెత్తతో నొక్కితే రెండు కీలు ఒకేసారి దిగుతాయి. లోపల ప్రతి కీ కింద ఒక చిన్న లోహపు గుబ్బ ఉంటుంది. నొక్కినప్పుడు అది లోపలికి విరుచుకుని మళ్లీ లేస్తుంది. మనం ‘టిక్’ అని వినేదీ, వేలికి తగిలేదీ ఆ విరుపే.

2011 నాటి బోల్డ్ 9900 వాడినవాళ్లకు కీవన్ మొదటి రోజు కొంచెం పరాయిగా అనిపించడం సహజం. బోల్డ్ వెడల్పు 66 మిల్లీమీటర్లు, కీవన్‌ది 72.5. ఆరున్నర మిల్లీమీటర్ల తేడా వినడానికి ఏమంత కాదు, కానీ పీ అక్షరం ఉండాల్సిన చోట వేలు వేస్తే ఓ పడుతుంది. మూడు నాలుగు రోజుల్లో సర్దుకుంటుంది. బోల్డ్ కీలు మెత్తగా, చప్పుడు తక్కువగా దిగేవి. కీవన్ కీలు గట్టివి, ఒక్కొక్కటీ తెగ్గొట్టినట్టు పలుకుతాయి. ఈ రెంటిలో బోల్డ్‌దే మేలైన కీబోర్డు అని ఈ రోజుకీ చెప్పొచ్చు. ఆ తర్వాత వచ్చిన ఏ ఫోనూ దాన్ని దాటలేదు.

నోకియా నుంచి వచ్చినవాళ్ల ఇబ్బంది వేరు. ఈ71, ఈ63 రెండూ 2008లో వచ్చినవి. వాటిలో ఫోన్ నంబర్లు కొట్టే అంకెలు కీబోర్డు నడుమ ఉండేవి: ఆర్, టీ, వై మీద 1, 2, 3, ఎఫ్, జీ, హెచ్ మీద 4, 5, 6, వీ, బీ, ఎన్ మీద 7, 8, 9, సున్నా ఎమ్ మీద. బ్లాక్‌బెర్రీలో అంకెలు ఎడమ పక్కకు జరిగి ఉంటాయి: డబ్ల్యూ, ఈ, ఆర్ నుంచి మొదలు, సున్నాకు విడిగా ఒక కీ. అక్షరాలు రెంటిలోనూ ఒకే చోట ఉంటాయి కాబట్టి సందేశాలు కొట్టడంలో తడబాటు ఉండదు. నంబరు కొట్టడంలోనే తప్పు పోతుంది. ఆరు కోసం హెచ్ మీదికి వెళ్లే వేలిని ఎఫ్ మీదికి మళ్లించడానికి వారం పడుతుంది.

ఈ63 గురించి ఇంకొక్క మాట చెప్పకుండా ముందుకు వెళ్లలేం. హోమ్ స్క్రీన్ మీద స్పేస్ బార్‌ని కాసేపు నొక్కి పట్టుకుంటే వెనక ఫ్లాష్ టార్చిలైటులా వెలిగేది. ఆంధ్రదేశంలో పరిశ్రమలకు పవర్ హాలిడేలు ఇచ్చిన 2012 వేసవిలో, రాత్రి కరెంటు పోయినప్పుడు కొవ్వొత్తి వెతికే పనే లేదు. దిండు పక్కన ఫోన్‌ని తడిమి, కింది వరసలో అన్నిటికన్నా పొడవుగా వేలికి తగిలే కీని పట్టుకుంటే చాలు, గదిలో వెలుగు. లాక్ తీసి, మెనూలో వెతికి, బొమ్మ నొక్కే పని లేదు. కళ్లు మూసుకుని కూడా చేయగలిగే పని అది. చేతికి తెలిసే బటన్ విలువ ఏమిటో ఆ టార్చి చెప్పినంత తేటగా మరేదీ చెప్పదు.

బ్లాక్‌బెర్రీవాళ్లు స్పేస్ బార్‌తో ఇంకా చాలా పనులు చేయించారు. రెండుసార్లు కొడితే ఫుల్‌స్టాప్ పడి, తర్వాతి అక్షరం దానంతటదే పెద్దక్షరమయ్యేది. ఈమెయిల్ చిరునామా గడిలో మొదటిసారి కొడితే ఎట్ గుర్తు, రెండోసారి కొడితే చుక్క. పొడవాటి మెయిల్ చదువుతుంటే స్పేస్ కొట్టిన ప్రతిసారీ ఒక పేజీ కిందికి జరిగేది. మిగతా అక్షరాలకూ పనులుండేవి. టీ కొడితే మొదటికి, బీ కొడితే చివరికి, ఆర్ కొడితే జవాబు, ఎఫ్ కొడితే మరొకరికి పంపడం, ఎన్ తర్వాతి మెయిల్, పీ ముందటిది. ఎక్కడైనా అక్షరాన్ని కాసేపు నొక్కి పట్టుకుంటే పెద్దక్షరం వచ్చేది. షిఫ్ట్ అవసరమే ఉండేది కాదు. ఫోన్ మొరాయిస్తే ఆల్ట్, కుడి షిఫ్ట్, డిలీట్ మూడూ కలిపి నొక్కడం. అప్పటికీ కదలకపోతే బ్యాటరీ ఊడదీసి మళ్లీ పెట్టడం. అలా పెట్టాక ఫోన్ లేచి కూర్చునేసరికి టీ తాగి రావచ్చు, నిమిషాలు పట్టేది.

పాత కర్వ్ 8300 వరస ఫోన్లు, మొదటి బోల్డ్ 9000 వాడినవాళ్లకు ట్రాక్‌బాల్ శుభ్రం చేయడం ఒక నిత్యకృత్యం. గుండు పైకి కదిలేది, కిందికి కదలనంటూ మొండికేసేది. కారణం చాలా చిన్నది. గుండుకి నాలుగు వైపులా సన్నటి నాలుగు రోలర్లు ఉంటాయి, వాటికి అయస్కాంతాలుంటాయి. రోలర్ తిరిగితేనే ఫోన్‌కి కదలిక తెలుస్తుంది. వేలి చెమటా, చేతికంటిన కొబ్బరినూనె, చొక్కాజేబులోని నూలుపోగులూ కలిసి ఆ రోలర్‌కి చుట్టుకుంటే అది తిరగదు. ఏ దిక్కు ఆగిందో చూస్తే ఏ రోలర్‌కి మట్టి పట్టిందో తెలిసిపోయేది. చుట్టూ ఉన్న రింగుని గుండుసూదితో నెమ్మదిగా లేపి, గుండుని తీసి, దూదిపుల్లకి ఒక చుక్క ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్ది రోలర్లను తిప్పి తిప్పి తుడవాలి. నీళ్లు తగలకూడదు. సూదితో రోలర్‌ని గీకకూడదు, గీకితే అది గాడి తప్పుతుంది. 2009లో కర్వ్ 8520 వేలు రాస్తే చాలు కదిలే ట్రాక్‌ప్యాడ్‌తో వచ్చింది, ఆ బాధ అక్కడితో తీరింది.

ఆ కీల మీద కొట్టిన తెలుగు ఎక్కువగా ఇంగ్లిషు అక్షరాల తెలుగే. దానికి అలవాటొక్కటే కారణం కాదు, లెక్క కూడా ఉంది. ఇంగ్లిషు అక్షరాలతో ఒక ఎస్సెమ్మెస్‌కి 160 స్థానాలు. తెలుగు లిపిలో కొడితే 70. పైగా ఒత్తూ, గుణింతపు గుర్తూ, పొల్లూ అన్నీ విడివిడిగా లెక్కకొస్తాయి. ‘స్త్రీ’ అన్న ఒక్క అక్షరానికి ఆరు స్థానాలు: స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘపు గుడి. ‘సంక్రాంతి శుభాకాంక్షలు’ అన్న రెండు మాటలకే 70లో 22 పోతాయి. 70 దాటితే అది రెండు ఎస్సెమ్మెస్‌ల కింద జమ. అసలే పండగ రోజుల్లో ఎస్సెమ్మెస్ ప్యాక్‌లు పనిచేసేవి కావు, మామూలు రేటు పడేది. 2011 సెప్టెంబరులో టెలికం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఒక సిమ్‌కి రోజుకి 100 ఎస్సెమ్మెస్‌లే అని కట్టడి పెట్టి, తర్వాత దాన్ని 200 చేసింది. ఆ రోజుల్లో అక్షరానికి ధర ఉండేది. అందుకే అచ్చుల్ని మింగేసిన ఆ ఇంగ్లిషు అక్షరాల తెలుగు అలా పుట్టుకొచ్చింది.

తెలుగు లిపిలోనే రాయాలన్న పట్టుదల ఉన్నవాళ్లూ లేకపోలేదు. ఆర్‌టీఎస్ అనే ఇంగ్లిషు అక్షరాల పద్ధతిలో రాసి తెలుగు లిపిలోకి మార్చుకునే లేఖిని వెబ్‌సైటు వాడినవాళ్లకు బ్లాక్‌బెర్రీ కీబోర్డులో ఒక గొప్ప సుఖం ఉండేది. ఆర్‌టీఎస్‌లో చిన్న డీ అంటే ద, పెద్ద డీ అంటే డ. చిన్న ఎల్ అంటే ల, పెద్ద ఎల్ అంటే ళ. ‘బండి’ అని రాయాలంటే చిన్న బీ, చిన్న ఏ, పెద్ద ఎమ్, పెద్ద డీ, చిన్న ఐ. మామూలు ఫోన్‌లో ఇందులో రెండుసార్లు షిఫ్ట్ కొట్టాలి. బ్లాక్‌బెర్రీలో ఎమ్‌నీ, డీనీ ఒక్క క్షణం ఎక్కువసేపు పట్టుకుంటే సరి. డ పలకడానికి నాలుక మడత పడ్డట్టు, వేలు కూడా ఆ కీ మీద ఒక్క రవ్వ ఎక్కువ ఆగేది. ఈ పొందిక ఎవరూ కావాలని చేసింది కాదు, అయినా ఎంత చక్కగా కుదిరిందో.

చదవడం సంగతి వేరే. ఆ ఫోన్లలో తెలుగు బ్లాగు తెరిస్తే అన్నీ డబ్బాలు. ఓపెరా మినీలో అడ్రస్ గడి ఖాళీ చేసి, ఓపెరా అని, కోలన్ పెట్టి, కాన్ఫిగ్ అని కొడితే ఒక సెట్టింగ్స్ పేజీ వచ్చేది. అట్టడుగున సంక్లిష్ట లిపులకు బిట్‌మ్యాప్ ఫాంట్లు వాడాలా అన్న ప్రశ్న. దాన్ని ‘ఎస్’ చేసి సేవ్ చేస్తే డబ్బాలన్నీ తెలుగు అయ్యేవి. అవతల సర్వరే అక్షరాల్ని బొమ్మలుగా గీసి పంపేది కాబట్టి డేటా ఎక్కువ ఖర్చయ్యేది, పేజీ నిదానంగా వచ్చేది. అయినా రెండున్నర అంగుళాల స్క్రీన్ మీద ‘ళ’ ఒత్తుతో సహా కనిపించిన ఆ మొదటిసారిని ఈ సెట్టింగ్ తెలిసిన ఎవరూ మరిచిపోయి ఉండరు.

మళ్లీ కీవన్‌కి వద్దాం. దాని కీబోర్డు మొత్తం స్పర్శ తెలిసిన కీబోర్డు. నొక్కకుండా కీల మీద వేలు పైకీ కిందికీ నిమిరితే వెబ్ పేజీ జరుగుతుంది. చదివేటప్పుడు వేలు స్క్రీన్‌కి అడ్డం రాదు. టైపు చేస్తుంటే స్క్రీన్ అడుగున మూడు మాటలు సూచనగా కనిపిస్తాయి. కావాల్సిన మాట కింద ఉన్న కీల మీద వేలిని పైకి విసిరితే ఆ మాట వాక్యంలోకి చేరుతుంది. ఎడమకి నిమిరితే వెనక మాట చెరిగిపోతుంది. మొదటి రెండు రోజులు ఈ చెరిపేయడమే తలనొప్పి. కీ నుంచి కీకి వేలు ఎత్తకుండా జారిస్తే ఫోన్ దాన్ని నిమరడం అనుకుని మాట చెరిపేస్తుంది. బోల్డ్ అలవాటున్నవాళ్లకు ఇది మరీ ఎక్కువ, ఎందుకంటే బోల్డ్ మీద వేళ్లు జారుతూనే కొట్టేవి. ఫోన్ చేతిలోకి రాగానే కీబోర్డు సెట్టింగ్స్‌కి వెళ్లి ఈ చెరిపే సైగని ఆపేసి, వేళ్లు కుదురుకున్నాక మళ్లీ పెట్టుకోవడం మేలు.

హోమ్ స్క్రీన్ మీద 26 అక్షరాలకూ చిన్న నొక్కుకి ఒకటి, పొడుగు నొక్కుకి ఒకటి చొప్పున 52 షార్ట్‌కట్లు. అన్నీ నింపాలని కూర్చుంటే ఒక్కటీ గుర్తుండదు. రోజూ వాడే ఆరేడింటితో మొదలుపెట్టాలి. పొడుగు నొక్కుల్ని మనుషులకీ, చిన్న నొక్కుల్ని యాప్‌లకీ కేటాయిస్తే తికమక ఉండదు. ఏ పొడుగ్గా పట్టుకుంటే అమ్మకి ఫోన్, ఎన్ పొడుగ్గా పట్టుకుంటే నాన్నకి. వారం తిరిగేసరికి ఫోన్‌ని జేబులోంచి తీస్తూనే చేయి ఆ పని చేసేస్తుంది.

ఇక ఆ స్పేస్ బార్. ఈ63లో టార్చి వెలిగించిన ఆ చోటే కీవన్‌లో వేలిముద్ర చదివే సెన్సర్ అయింది. ఇంత సబబైన చోటు మరే ఫోన్‌లోనూ చూడలేదు. బొటనవేలు ఎలాగూ ఉండేది అక్కడే. ఒక చిన్న కిటుకు: సెన్సర్ పొడవుగా, సన్నగా ఉంటుంది కాబట్టి ముద్ర నమోదు చేసేటప్పుడు వేలి మధ్యభాగం కాక, టైపు చేసేటప్పుడు తగిలే కొసనీ పక్కలనీ ఇవ్వాలి. అదే బొటనవేలిని రెండుసార్లు, రెండు వేర్వేరు వేళ్లుగా నమోదు చేస్తే ఇంకా బాగా పనిచేస్తుంది.

తెలుగు దగ్గరికొచ్చేసరికి కీవన్ సగం దారిలో ఆపేసింది. కీల మీద తెలుగు లేదు. బ్రౌజర్లో లేఖిని తెరిచి కీలతో కొట్టి, కాపీ చేసి తెచ్చుకోవడం ఒక దారి. గూగుల్ వారి జీబోర్డు వేసుకుని, అసలు కీబోర్డు ఉన్నా స్క్రీన్ కీబోర్డు కనిపించేలా సెట్టింగ్ మార్చుకోవడం ఇంకో దారి. రెండోది తేలిక. కానీ అప్పుడు 4.5 అంగుళాల స్క్రీన్‌లో కింది సగం పోతుంది. ఒత్తులకీ గుడులకీ తెలుగు పంక్తి అసలే ఎత్తు ఎక్కువ తీసుకుంటుంది, మిగిలిన జాగాలో నాలుగైదు పంక్తులకన్నా కనపడవు. కీబోర్డు ఫోన్ కొన్నదే స్క్రీన్ మొత్తం రాతకి మిగలడం కోసం కదా. ఈ ఒక్క విషయంలో కలిగిన వెలితి చిన్నది కాదు.

తయారీలోనూ ఒక లోపం ఉండింది. మొదట్లో వచ్చిన ఫోన్లలో స్క్రీన్‌ని పట్టి ఉంచే జిగురు చాలలేదు. వంచి చూసే పరీక్షలో స్క్రీన్ ఊడి పైకి రావడం వీడియోలో లోకమంతా చూసింది. జిగురు పెంచుతామని కంపెనీ ఒప్పుకుంది. స్క్రీన్‌కీ కీబోర్డుకీ మధ్యనున్న మూడు టచ్ బటన్లు మరో చికాకు. పై వరస క్యూ, డబ్ల్యూ కొట్టబోతే బొటనవేలు బ్యాక్‌కి తగిలి, రాసినది వదిలి బయటికి వచ్చేసేది. 3505 ఎంఏహెచ్ బ్యాటరీ మాత్రం నిఖార్సైనది. స్నాప్‌డ్రాగన్ 625 ప్రాసెసర్ పొదుపరి, ఉదయం తీసిన ఫోన్ మర్నాటి మధ్యాహ్నం దాకా నిలిచేది.

2018లో కీటూ వచ్చింది. కీలు 20 శాతం పెద్దవయ్యాయి, వాటి మెరుపు పోయింది, కుడి షిఫ్ట్ స్థానంలో స్పీడ్ కీ వచ్చింది. దాంతో ఏ యాప్‌లో ఉన్నా బయటికి రాకుండా షార్ట్‌కట్ కొట్టొచ్చు. బ్లాక్‌బెర్రీ పేరు మీద ఈ ఫోన్లు తయారుచేసిన టీసీఎల్ కంపెనీ 2020 ఆగస్టు 31తో ఈ ఫోన్ల అమ్మకం ఆపేసింది. పాత బోల్డ్, కర్వ్, క్లాసిక్ లాంటి వాటికి బ్లాక్‌బెర్రీ సేవలు 2022 జనవరి 4న నిలిచిపోయాయి. ఆండ్రాయిడ్ మీద నడిచే కీవన్, కీటూలకు దీంతో సంబంధం లేదు. ఈ తేడా తెలియక కీవన్ కూడా చచ్చిపోయిందనుకుని బీరువాలో పడేసినవాళ్లున్నారు.

అలా పడేసినది మీ ఇంట్లో ఉంటే ఒకసారి బయటికి తీయండి. ముందు పక్కనుంచి చూడండి. స్క్రీన్ అంచు లేచి, సందు కనిపిస్తే బ్యాటరీ ఉబ్బి ఉండొచ్చు. అప్పుడు ఛార్జింగ్ పెట్టొద్దు, తిన్నగా రిపేరు షాపుకి తీసుకెళ్లండి. హైదరాబాద్ జగదీశ్ మార్కెట్ లాంటి చోట సెకండ్‌హ్యాండ్‌ది కొంటున్నా మొదటి పరీక్ష ఇదే. తర్వాత నోట్స్ తెరిచి ప్రతి కీనీ పదేసిసార్లు కొట్టి లెక్కపెట్టండి. పదకొండు పడితే లోపలి గుబ్బ అరిగిందని, తొమ్మిది పడితే దుమ్ము చేరిందని అనుమానించాలి. దుమ్మైతే ఫోన్ ఆఫ్ చేసి, బోర్లా పట్టుకుని, మెత్తటి బ్రష్‌తో వరసల వెంట తుడిస్తే చాలావరకు రాలిపోతుంది. అరుగుడైతే కీబోర్డు మార్చడమే దారి. స్పేస్ బార్ మీద వేలిముద్ర కొత్తగా నమోదు చేసి చూడండి. సిమ్ వేసి 4జీలో కాల్ కలుస్తోందో లేదో అక్కడే తేల్చుకోండి. ఆండ్రాయిడ్ 8.1 దగ్గరే ఆగిపోయింది కాబట్టి బ్యాంకు యాప్‌ల కోసం దీన్ని నమ్ముకోవద్దు. మాట్లాడుకోవడానికీ, రాసుకోవడానికీ వాడండి.

కొత్తది కావాలంటే యూనిహెర్ట్జ్ 2025లో తెచ్చిన టైటన్ 2 ఉంది, చదరపు స్క్రీన్‌తో బ్లాక్‌బెర్రీ పాస్‌పోర్టుని తలపిస్తుంది. ఐఫోన్‌కి తొడిగే క్లిక్స్ కీబోర్డు కేసూ ఉంది. ఏది కొన్నా మొదటి రోజు నాలుగు ముక్కలు కొట్టి బాగుందనో బాగాలేదనో తేల్చేయకండి. మొదటి మూడు రోజులు ఆటోకరెక్ట్ ఆపేసి, తప్పులతోనే కొట్టండి. ఆటోకరెక్ట్ ఉంటే వేలికి తన తప్పు తెలియదు. నాలుగో రోజు కళ్లు మూసుకుని మీ పేరూ, ఊరూ, ఇంటి నంబరూ కొట్టి చూడండి. ఈ63 మీద పెరిగిన వేళ్లైతే ఇంటి నంబరు దగ్గర ఇంకా ఆర్ వైపే పోతాయి.